ఎవరు కట్టిన బడి?

*అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది ముస్లింలా, ప్రభుత్వమా? ఒక్క క్రియాపదం చుట్టూ దాదాపు అరవై ఏళ్లుగా నడుస్తున్న వ్యాజ్యం. నలుగురికి ముగ్గురుగా చీలిన తీర్పు తర్వాత కూడా తెగని తగాదా.*

కోస్తాలోనో రాయలసీమలోనో ఏదైనా పాత ఎయిడెడ్ హైస్కూలు ముందు ఒకసారి నిలబడండి. గోడలో పొదిగిన శిలాఫలకం కనిపిస్తుంది. ఫలానావారు తమ తండ్రిగారి జ్ఞాపకార్థం ఇచ్చిన స్థలం, ఫలానావారు కట్టించిన రెండు గదులు, శంకుస్థాపన చేసిన దొరగారి పేరు. రాతి మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలు దొరగారివే. ఆ తర్వాత పంతుళ్ల జీతాలు సర్కారువి. అయినా ఊళ్లో ఎవరిని అడిగినా స్థలం ఇచ్చినవాళ్ల ఇంటిపేరుతోనే ఆ బడిని చెబుతారు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ విద్యాసంస్థలను ప్రభుత్వంలో కలిపే ప్రయత్నం జరిగినప్పుడు రేగిన గొడవంతా ఆ రాయి గురించే. జీతాలిచ్చేవాడిదా బడి, పునాది తవ్వినవాడిదా?

ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లోనూ అలాంటి రాయి ఒకటి పడింది. 1877 జనవరి 8న మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీకి శంకుస్థాపన చేసింది వైస్రాయ్ లార్డ్ లిట్టన్. అంతమాత్రాన ఆ కాలేజీని లిట్టన్ స్థాపించాడని ఈ నూట యాభై ఏళ్లలో ఎవరూ అనలేదు. అదే కాలేజీ 1920లో చట్టం ద్వారా విశ్వవిద్యాలయం అయింది. దాన్ని స్థాపించింది ఎవరన్న దగ్గర మాత్రం దేశపు అత్యున్నత న్యాయస్థానం రెండుసార్లు రెండు రకాలుగా ఆలోచించింది.

ఆఖరి పనిదినాన

2024 నవంబర్ 8, శుక్రవారం. ప్రధాన న్యాయమూర్తిగా జస్టిస్ డి.వై. చంద్రచూడ్‌కు అదే ఆఖరి పనిదినం. ఆయన నాయకత్వంలోని ఏడుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం ఆ రోజు అలీగఢ్ కేసులో తీర్పు చెప్పింది. జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రా ఆయనతో ఏకీభవించారు. జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ వేర్వేరుగా అసమ్మతి తీర్పులు రాశారు.

టీవీల్లో ఒక వర్గం 'అలీగఢ్ గెలిచింది' అంది, ఇంకో వర్గం 'ఇంకా ఏమీ తేలలేదు' అంది. రెండో మాటే సరైంది. చట్టం ద్వారా ఏర్పడినంత మాత్రాన ఒక సంస్థ మైనారిటీ హోదా కోల్పోదని మెజారిటీ తీర్పు చెప్పింది. అలీగఢ్‌కు ఆ హోదా ఉందా లేదా అన్నది మాత్రం తేల్చలేదు. కొలబద్ద చేతికిచ్చి, కొలిచే పని వేరే ధర్మాసనానికి వదిలేసింది. జస్టిస్ దత్తా ఒక్కరే దాపరికం లేకుండా, ఇది మైనారిటీ సంస్థ కాదు అని రాసేశారు.

ఇంతకీ ఈ తగాదా దేని గురించి? రాజ్యాంగంలోని 30(1) అధికరణ మతపరమైన, భాషాపరమైన మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకుని నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. స్థాపించడం, నిర్వహించడం. వ్యాజ్యమంతా ఈ రెండు మాటల మీదే, అందులోనూ మొదటి మాట మీద.

చందాల కాలేజీ

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఈస్టిండియా కంపెనీ కొలువులో న్యాయాధికారి. 1857 తిరుగుబాటు నాటికి బిజ్నోర్‌లో ఉన్నాడు. ఆ తర్వాతి అణచివేతలో ఢిల్లీ ముస్లిం కుటుంబాలు చితికిపోవడం కళ్లారా చూశాడు. 1869లో ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల తీరు గమనించి వచ్చాడు. ఇంగ్లీషు చదువు, పాశ్చాత్య విజ్ఞానం అందకపోతే తన సమాజం తేరుకోదని తేల్చుకున్నాడు. 1875 మే 24న అలీగఢ్‌లో చిన్న బడి మొదలైంది. పాత కంటోన్మెంటు స్థలంలో రెండేళ్లకు అది కాలేజీ అయింది.

డబ్బు కోసం ఆయన తొక్కని గడప లేదు. పెద్దవాళ్లు కోప్పడినా లాటరీ నడిపాడని, ఎగ్జిబిషన్‌లో వేదికెక్కి అడుక్కున్నాడని అలీగఢ్‌వాళ్లు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. చందా ఇచ్చినవాళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కించి గోడల్లో పొదిగించాడు. మన ఎయిడెడ్ బడి గోడలాగే. ఆ దాతల్లో పాటియాలా మహారాజు ఉన్నాడు, మన విజయనగరం మహారాజూ ఉన్నాడు. హిందువులు ఇచ్చిన డబ్బూ ఉన్నప్పుడు ముస్లింలు స్థాపించారని ఎలా అంటారని కొందరి వాదన. గుడికి సాయిబుగారు చందా ఇస్తే అది గుడి కాకుండా పోతుందా? మన పల్లెల్లో ఈ ప్రశ్న అడిగితే నవ్వుతారు.

ఈ కథలో హైదరాబాదు వాటా చిన్నది కాదు. నిజాం సంస్థానం, దాని ప్రధాని సాలార్ జంగ్ కాలేజీకి పెద్ద దన్ను. సర్ సయ్యద్ పోయాక కాలేజీని నడిపిన సయ్యద్ మెహదీ అలీ, ముష్తాక్ హుస్సేన్ ఇద్దరూ అంతకుముందు నిజాం కొలువులో పనిచేసినవాళ్లే. వాళ్లను లోకం ఎరిగిన మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ అనే పేర్లు హైదరాబాదు దర్బారు ఇచ్చిన బిరుదులు. ఈ రోజుకీ అలీగఢ్ కుర్రవాళ్లు ఆ పేర్లున్న హాస్టళ్లలోనే గదులు వెతుక్కుంటారు. సర్ సయ్యద్ మనవడు రాస్ మసూద్ హైదరాబాదు విద్యాశాఖను నడిపి, ఉస్మానియా విశ్వవిద్యాలయం పురుడు పోసుకున్నప్పుడు పక్కనుండి, తర్వాత అలీగఢ్ వైస్ చాన్సలర్‌గా వెళ్లాడు.

ఈ రాకపోకలు హైదరాబాదుకే పరిమితం కాలేదు. కర్నూలులో 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టిన డాక్టర్ అబ్దుల్ హఖ్ తర్వాత అలీగఢ్‌లో ప్రో వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. కర్నూలులోని ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఉన్నది ఆయన పేరే.

చట్టం ఎందుకు కావలసి వచ్చింది

కాలేజీని విశ్వవిద్యాలయం చేయాలన్నది సర్ సయ్యద్ కల. 1898లో ఆయన కన్నుమూశాక అది ఉద్యమమైంది. విశ్వవిద్యాలయం కావాలంటే 30 లక్షల రూపాయలు పోగుచేసి చూపించమంది ప్రభుత్వం. ఆగాఖాన్ లాంటివాళ్లు ఊరూరా తిరిగారు. ఆ లోగా మదన్ మోహన్ మాలవీయ ఇలాగే చందాలు పోగుచేసి, 1915 చట్టంతో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం సాధించారు.

1920లో అలీగఢ్ చట్టం వచ్చింది, డిసెంబర్ 1 నుంచి అమలైంది. కాలేజీ, దాని ఆస్తులు, విశ్వవిద్యాలయం కోసం ఏర్పడిన సంఘం, దాని నిధి అన్నీ కొత్త సంస్థలో కలిశాయి. మొదటి చాన్సలర్ భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాన్ బేగం. విశ్వవిద్యాలయం పాలక మండలి అయిన 'కోర్ట్'లో ముస్లింలే సభ్యులుగా ఉండాలని చట్టం చెప్పింది.

సర్కారు చట్టంతో, సర్కారు షరతులతో వచ్చే విశ్వవిద్యాలయం మాకొద్దన్నవాళ్లు కూడా అప్పుడే బయల్దేరారు. సహాయ నిరాకరణ రోజులవి. ఆ అక్టోబరులో గాంధీజీ, ఖిలాఫత్ నాయకులైన అలీ సోదరులు అలీగఢ్ వచ్చి విద్యార్థులను బయటికి రమ్మన్నారు. అలా బయటికి వచ్చినవాళ్లు 1920 అక్టోబర్ 29న పెట్టుకున్నదే జామియా మిల్లియా ఇస్లామియా. వాళ్లలో హైదరాబాదులో పుట్టిన ఒక యువకుడు ఉన్నాడు, జాకిర్ హుస్సేన్. ఆయనే స్వాతంత్ర్యం వచ్చాక, దేశ విభజన నీడలో దిక్కులు చూస్తున్న అలీగఢ్‌కు వైస్ చాన్సలర్‌గా వచ్చి 1948 నుంచి 1956 దాకా దాన్ని నిలబెట్టాడు.

రాజ్యాంగం వచ్చాక 1951లో చట్టాన్ని సవరించారు. ముస్లిం విద్యార్థులకు మతబోధ తప్పనిసరి అన్న నిబంధన పోయింది. కోర్ట్‌లో ముస్లింలే ఉండాలన్న నిబంధనా పోయింది. అప్పుడెవరూ పెద్దగా గొడవ చేయలేదు.

మొదలైంది సీట్ల దగ్గరే

గొడవ 1965లో వచ్చింది. ఉస్మానియాకు వైస్ చాన్సలర్‌గా చేసి, దౌత్యవేత్తగా పేరు తెచ్చుకున్న హైదరాబాదీ నవాబ్ అలీ యావర్ జంగ్ అప్పుడు అలీగఢ్ వైస్ చాన్సలర్. అలీగఢ్ బళ్లలో, కాలేజీల్లో చదివిన పిల్లలకు పైకోర్సుల్లో కేటాయించే అంతర్గత కోటాను 75 శాతం నుంచి 50 శాతానికి తగ్గించారు. ఏప్రిల్ 25న విద్యార్థులు ఆయన మీద దాడి చేశారు. తీవ్రంగా గాయపడ్డాడు.

కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా మే నెలలో ఆర్డినెన్స్ తెచ్చారు, ఆ తర్వాత అది చట్టమైంది. కోర్ట్ అధికారాలు తీసేసి దాన్ని సలహాలిచ్చే సభ స్థాయికి దించారు. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లిందే ఎస్. అజీజ్ బాషా కేసు.

1967 అక్టోబర్ 20న ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూ నేతృత్వంలోని ఐదుగురు సభ్యుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. తర్కం సూటిగా ఉంది. స్థాపించినవాళ్లకే నిర్వహించే హక్కు. విశ్వవిద్యాలయం పుట్టింది 1920 చట్టంతో. ముస్లింలు చట్టం లేకుండా విశ్వవిద్యాలయం పెట్టుకోగలిగినా దాని డిగ్రీలను ప్రభుత్వం గుర్తించి తీరాలని లేదు. ఆ గుర్తింపు కోసం వాళ్లు చట్టం తెచ్చుకున్నారు. కాబట్టి స్థాపించింది ముస్లింలు కాదు, చట్టం.

హెచ్.ఎం. సీర్వాయ్ లాంటి రాజ్యాంగ పండితులు ఈ తీర్పును గట్టిగా తప్పుపట్టారు. అడగకపోతే డిగ్రీకి విలువ లేదు, అడిగితే స్థాపన మీది కాదు! పెళ్లి రిజిస్టర్ చేయించుకున్నారు కాబట్టి మీ పెళ్లి చేసింది రిజిస్ట్రారే అన్నట్టుంది. విచిత్రమేమిటంటే ఈ తీర్పు వచ్చిన రోజున అలీగఢ్ విజిటర్, అంటే రాష్ట్రపతి, జాకిర్ హుస్సేనే. 1920లో సర్కారు చదువు వద్దని అదే అలీగఢ్ గేటు దాటి నడిచివెళ్లిన కుర్రవాడు.

చెరిపేసి రాసిన మాట

తర్వాతి అంకం పార్లమెంటుది. ఇందిరాగాంధీ ప్రభుత్వం 1981లో చట్టాన్ని మళ్లీ సవరించింది. విశ్వవిద్యాలయం అంటే భారత ముస్లింలు తమకు నచ్చినట్టు స్థాపించుకున్నదని, మహమ్మదన్ కాలేజీగా మొదలై తర్వాత విశ్వవిద్యాలయంగా రూపొందిందని నిర్వచనంలో చేర్చింది. చట్టం శీర్షికలో ఉన్న స్థాపన అన్న మాటను తీసేసింది. ముస్లింల విద్యా, సాంస్కృతిక అభ్యున్నతికి ప్రత్యేకంగా కృషి చేయడం విశ్వవిద్యాలయం అధికారాల్లో ఒకటైంది. చరిత్రను చట్టంలో తిరగరాయడం ఎంత వీలవుతుందన్న ప్రశ్న అప్పటికి వాయిదా పడింది.

2005లో పోస్ట్ గ్రాడ్యుయేట్ మెడికల్ సీట్లలో సగం ముస్లింలకు కేటాయిస్తున్నట్టు అలీగఢ్ ప్రకటించింది. మళ్లీ సీట్లే. అలహాబాద్ హైకోర్టు ఆ ఏడాది అక్టోబర్‌లో ఒకసారి, 2006 జనవరిలో డివిజన్ బెంచ్‌గా మరోసారి దాన్ని కొట్టేసింది. 1981 సవరణలో స్థాపన గురించిన భాగం కూడా చెల్లదంది. పైకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి. కోటా ఆగిపోయింది. అప్పీలు చేసినవాళ్లలో అప్పటి కేంద్ర ప్రభుత్వమూ ఉంది. ఆ తర్వాత మారిన ప్రభుత్వం 2016లో ఆ అప్పీలును వెనక్కి తీసుకుంటానంది. ఒకే ఢిల్లీ, ఒకే కుర్చీ. కూర్చున్నవాళ్లు మారేసరికి విశ్వవిద్యాలయం తండ్రి పేరు మారిపోయింది.

2019లో కేసు ఏడుగురు సభ్యుల ధర్మాసనానికి వెళ్లింది. 2024 జనవరి, ఫిబ్రవరిల్లో ఎనిమిది రోజులు వాదనలు నడిచాయి. రాజ్యాంగంలోనే పేరున్న జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ ఒక వర్గానిది ఎలా అవుతుందన్నది కేంద్రం వాదన. నిజమే, ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 63వ అంశం అలీగఢ్‌ను బెనారస్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలతో పాటు పేరుపెట్టి చెబుతుంది. ఆ వరసలోనే 371-ఇ అధికరణ కింద ఆంధ్రప్రదేశ్‌లో వచ్చే విశ్వవిద్యాలయమూ ఉంది. అంటే మన గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. జాతీయ ప్రాముఖ్యానికీ మైనారిటీ స్వభావానికీ పొసగదన్న వాదనను మెజారిటీ తీర్పు ఒప్పుకోలేదు.

అది ఇచ్చిన కొలబద్ద ఇది. ఆలోచన ఎవరిది? ఎవరి మేలు కోసం? డబ్బు, స్థలం, భవనాలు, అనుమతుల వెంట తిరగడం లాంటి పనులు చేసింది ఎవరు? పాలనా వ్యవస్థ ఆ స్వభావాన్ని చూపిస్తోందా? స్థాపించినవాళ్లు రోజువారీ నిర్వహణ కూడా అంతా తమ చేతుల్లోనే పెట్టుకోనక్కర్లేదు. రాజ్యాంగానికి ముందు పుట్టిన సంస్థలకూ 30వ అధికరణ వర్తిస్తుంది. అజీజ్ బాషా తీర్పులోని ఆయువుపట్టు 2024 నవంబర్ 8న తెగింది.

ఈ కొలబద్దతో మొదటి మూడు ప్రశ్నలకు అలీగఢ్ గోడలే జవాబు చెబుతాయి. నాలుగోది కష్టం. ఈరోజు అలీగఢ్ నడిచేది కేంద్ర నిధులతో. విజిటర్ రాష్ట్రపతి. వైస్ చాన్సలర్ నియామకం ఆయన చేతుల మీదుగానే. రాబోయే ధర్మాసనం ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

లౌకిక రాజ్యంలో ముస్లిం విశ్వవిద్యాలయమా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. మనకు మాత్రం కొత్తగా వినిపించకూడదు. ఎంసెట్ కౌన్సెలింగ్‌కు పిల్లలను తీసుకెళ్లిన ప్రతి తండ్రికీ జాబితాలో కాలేజీ పేరు పక్కన మైనారిటీ అన్న మాట తెలుసు. 1954 నుంచి విజయవాడలో జెజూట్ ఫాదర్లు నడుపుతున్న ఆంధ్ర లయోలా కాలేజీలో సీటు కోసం హిందూ కుటుంబాలు ఎన్ని సిఫార్సులు పట్టుకెళ్లాయో బెజవాడవాళ్లకు చెప్పనక్కర్లేదు.

30వ అధికరణ మతానికే కాదు, భాషకూ కాపు కాస్తుంది. మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన ఇక్కడ మనం మెజారిటీ, తమిళనాడులోని హోసూరులో మైనారిటీ. 2006లో తమిళనాడు తమిళాన్ని తప్పనిసరి చేసినప్పుడు, పదో తరగతి తమిళ పేపరు నుంచి మినహాయింపు కోసం అక్కడి తెలుగు పిల్లల పక్షాన కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు పట్టుకున్నది మైనారిటీ హక్కునే. మన బడి మన భాషలో ఉండాలని చెన్నైలో అడిగే హక్కు మనకు ఉంటే, అలీగఢ్‌లో ఆ మాట అడిగేవాడిని వింతగా చూడలేం.

అసలు నొప్పి

అలాగని తగాదా అంతా మతద్వేషం నుంచే పుట్టిందనడం కూడా అన్యాయం. 2005లో వచ్చిన 93వ రాజ్యాంగ సవరణ ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్లకు దారి తీసింది, మైనారిటీ సంస్థలను మాత్రం మినహాయించింది. కేంద్ర విద్యాసంస్థల్లో రిజర్వేషన్ల కోసం 2006లో చేసిన చట్టం కూడా మైనారిటీ సంస్థలను పక్కన పెట్టింది. హోదా లేదంటే ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు అలీగఢ్ ఇవ్వాలి. ఉందంటే ఇవ్వనక్కర్లేదు. ప్రజల పన్నుతో నడిచే ఇంత పెద్ద విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థికి వాటా లేకపోవడం న్యాయమా అన్న ప్రశ్నను దాటవేయలేం.

ఇంకో మెలిక ఉంది. ఇప్పుడు అలీగఢ్‌లో మతం పేరిట సీట్ల కోటా లేదు. ఉన్నది 1965 నాటి ఆ 50 శాతం అంతర్గత కోటా. దాని లాభం ముందుగా అలీగఢ్ బళ్లలో చేరగలిగిన కుటుంబాలది. సర్ సయ్యద్ కళ్ల ముందు మొదట నిలిచింది కూడా షరీఫ్, అంటే పైవర్గపు, కుటుంబాల పిల్లలే. చేనేత పని, దూది పని చేసుకునే ముస్లింలు ఆ చిత్రంలో వెనక ఎక్కడో ఉన్నారు. మన దూదేకుల, నూర్‌బాషా పిల్లలు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ కోటా వాళ్లకు పనికొస్తుంది. అలీగఢ్‌లో రాదు. అంటే ముస్లింల కోసమన్న హోదా, ముస్లింలలోనే వెనకబడినవాళ్లకు ఒక తలుపు మూస్తోంది.

తెలుగు నేల ఈ విషయంలో వేరే దారి పట్టింది. 2007లో ఆంధ్రప్రదేశ్ మతాన్ని కాకుండా వెనకబాటును చూసి, ముస్లింలలోని కొన్ని వర్గాలను బీసీ-ఇ గా గుర్తించి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో కొనసాగుతోంది. ఆ కోటాలో ఎంబీబీఎస్, ఇంజినీరింగ్ చదివినవాళ్లు మన వీధిలోనే కనిపిస్తారు. ఆ దారికీ వ్యాజ్యాలు తప్పలేదు. కానీ అందులో ఇంటిపేరు కంటే ఇంటి పరిస్థితి ముందొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి రెండు పక్షాలూ మరిచిపోతున్నాయి. మైనారిటీ హోదా రిజర్వేషన్లు ఇవ్వనక్కర్లేదని చెబుతుంది. ఇవ్వకూడదని చెప్పదు. తన అంతర్గత కోటాలో కొంత తగ్గించి దళితులకు, ఆదివాసీలకు, పసమందా (వెనకబడిన) ముస్లింలకు సీట్లు కేటాయించుకోవడానికి అలీగఢ్‌కు ఏ ధర్మాసనం అనుమతీ అక్కర్లేదు. తీర్పు ఎప్పుడొస్తుందని ఎదురుచూడక్కర్లేదు.

స్థాపన ఎవరిదన్న దాని మీద నాకు సందేహం లేదు. తలుపు తలుపు తట్టి పైసా పైసా పోగుచేసినవాళ్లది. చట్టం ఆ పనికి వేసిన ముద్ర. ఆ ముద్ర వేసిన చెయ్యి స్థాపకుడి చెయ్యి అయితే, మన ఊళ్లో బడులన్నీ శంకుస్థాపనకు వచ్చిన దొరలవే అవుతాయి. పేరు ఎవరిదో కోర్టు తేలుస్తుంది. అడ్మిషన్ జాబితాలో ఎవరి పేర్లుండాలో తేల్చుకోవలసింది మాత్రం బడి మాదే అంటున్నవాళ్లు.

మళ్లీ ఆ ఎయిడెడ్ బడి దగ్గరికి వెళ్దాం. గోడలోని రాయి మీద దాత పేరు కాస్త అరిగింది, దొరగారి పేరు పూర్తిగా చెరిగిపోయింది. సాయంత్రం బెల్లు కొట్టగానే పిల్లలు ఆ రాయి పక్కనుంచే పరిగెత్తుతారు. దాతగారి మునిమనవడు ఎక్కడో అమెరికాలో ఉంటాడు. పరిగెత్తేవాళ్లలో ఎక్కువమంది, ఆ రాయి వేసిన రోజున ఆ గుమ్మం తొక్కనివ్వని ఇళ్ల పిల్లలు. రాయి మీద పేరు ఎవరిదని వాళ్లు ఎప్పుడూ అడగరు. వాళ్లు లోపలికి రాగలిగారు కాబట్టే ఇప్పటికీ అది బడి.